మడమ మీది వేలిముద్ర

మిట్టమధ్యాహ్నం... పన్నెండు కావడానికి ఇంకా పది నిమిషాలు!

సూర్యుడు నడినెత్తిన మండిపోవలసిన ఆ వేళ ఆకాశాన్ని కారునలుపు కమ్ముకుంది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు... ఆర్ట్ గ్యాలరీ బయటి గోడకు బిగించిన ఏసీ పెట్టె మీద పట్టపగలే ఒక గుడ్లగూబ వాలి, లోపలికి వెళ్లేవాళ్లను రెప్ప వేయకుండా చూస్తోంది. లోపల చల్లగా ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ పట్టలేదు.

ఆ తెల్లని విశాలమైన హాలును సూపర్ మార్కెట్‌లా అమర్చారు. అరల నిండా మనుషుల అవయవాలు! ప్లాస్టర్‌తో పోసిన చేతులు, పిక్కలు, పెదవులు, పొట్టలు... ఒక్కొక్కటీ పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ధర చీటీ అంటించి! మనిషిని సరుకుగా మార్చిన లోకానికి ఇది చెంపపెట్టు అని పత్రికలు రాశాయి. ఆ చెంపపెట్టు తినడానికి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చారు.

ఇదంతా సృష్టించాడని పేరు మోసినవాడు మహాశిల్పి. నల్లపట్టు చొక్కా, మెడలో ఎముకల పేట... ఫ్యాషన్ అనుకున్నారు అందరూ. కాదు, వాడు క్షుద్ర మాంత్రికుడు! హాలు మధ్యలో ఉత్తుత్తి బిల్లింగ్ కౌంటరు ఒకటి పెట్టించాడు. దాని సొరుగులో, ఎర్రగుడ్డ మీద, నెత్తురు పూసిన కపాలం! అమ్ముడుపోయినట్టు గుర్తుగా ఏ అవయవం మీద ఎర్రచుక్క పడుతుందో, అచ్చు ఇచ్చిన అసలు మనిషిలో ఆ అవయవం చచ్చుబడుతుంది. దాని సత్తువను కపాలం తాగి, వాడికి కీర్తిగా కక్కుతుంది. పిక్క ఇచ్చిన వాచ్‌మన్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పెదవులిచ్చిన టీచరమ్మకు మాట పడిపోయింది. పాపం, డాక్టర్ల చుట్టూ తిరిగారు గానీ శిల్పిని ఎవరూ అనుమానించలేదు.

ఇవాళ నిండు మనిషి వంతు!

అద్దం తలుపుల ఫ్రిజ్‌లో నిలబెట్టిన ప్రతిమ బట్టల కొట్లో పనిచేసే ఒక అమ్మాయిది. పక్కనే కుర్చీలో ఆ అమ్మాయి... జుట్టు విరబోసుకుని, గుడ్లు తేలేసి, నోటికొసన నురగతో, తనది కాని మగగొంతుతో అరుస్తోంది. “రెండు కొంటే ఒకటి ఉచితం! స్టాకు ఉన్నంత వరకే!” జనం ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. పన్నెండు కొట్టేలోగా ఆ ప్రతిమ మీద ఎర్రచుక్క పడిందా... పిల్ల ప్రాణం పోయినట్టే!

శిల్పి కాక ఈ సంగతి తెలిసిన మనిషి ఆ హాల్లో ఒక్కతే ఉంది. ఆ పిల్ల అక్క. అందరూ అచ్చులక్క అంటారు. ఒంటికి నూనె రాసి, ముక్కులో గొట్టాలు పెట్టి, ప్లాస్టర్ పూసి, గట్టిపడ్డాక రెండు చెక్కలుగా విప్పి, మళ్లీ మూసి పోసేదాకా అంతా ఆవిడ చేతి పనే. మరి మహాశిల్పి ఏం చేసేవాడంటారా... సంతకం పెట్టేవాడు! గోళ్లు పాడవుతాయని ప్లాస్టర్ బక్కెట్ దరిదాపులకు కూడా వచ్చేవాడు కాదు.

చెల్లెలు అచ్చుకు నిలబడతానంటే సరేనన్నది తనే. పొద్దున సొరుగులో కపాలాన్ని చూసి, వాడి గొణుగుడు చాటుగా విన్నాక గానీ ఆవిడకు అసలు విషయం తెలియలేదు. అప్పటినుంచి తనను తాను తిట్టుకుంటూనే ఉంది. తీసుకుపోదామంటే చెల్లెలు కుర్చీలోంచి లేవదు. పగలగొడదామంటే ప్రతిమతో పాటు పిల్ల ఏమైపోతుందోనని భయం. ప్రతిమను కొనబోయే షావుకారు అరచేతికి అందరి ముందూ అచ్చు తీసి చూపాలని ఏర్పాటు. అందుకని బక్కెట్‌లో ప్లాస్టర్ కలుపుతోంది.

ఠంగ్... ఠంగ్... గంటలు మొదలయ్యాయి!

శిల్పి సొరుగు లాగాడు. ఎర్రచుక్కను వేలికొసకు అంటించుకుని మంత్రం అందుకున్నాడు. జనం అదీ కళే అనుకున్నారు.

“చేసిన చెయ్యి నాది! చేసిన ఒళ్లు నాది! స్వీకరించు!”

అచ్చులక్క కలపడం ఆపేసింది. చేసిన చెయ్యి వీడిదా! భయం ఎటు పోయిందో తెలియదు. నేరుగా కపాలం ముందుకు వెళ్లి నిలబడింది.

“ఆ చెయ్యి వాడిది కాదు. ప్రతిమ ఎడమ మడమ చూడు. అచ్చు చెక్కలు తారుమారు కాకుండా అతుకు దగ్గర బొటనవేలితో నొక్కుతాను, మా అమ్మ నేర్పిన గుర్తు. ఇక్కడున్న ప్రతి ముక్క మీదా ఆ గుర్తుంది. చేసింది నేను. నా చెల్లెల్ని నేను ఇవ్వను.”

ఫెళఫెళమని ఉరుము... దీపాలు ఆరిపోయాయి! కపాలం కళ్లగుంటల్లో నీలిమంటలు లేచాయి. అది మెల్లగా శిల్పి వైపు తిరిగింది.

“నీ చెయ్యి చూపించు!”

ఏం చూపిస్తాడు? నున్నని అరచేతులు, మెరిసే గోళ్లు... వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అటూ ఇటూ చూసి, పని చేసిన చేతుల్లా కనబడాలని గభాలున రెండు చేతులూ మోచేతుల దాకా బక్కెట్‌లో ముంచేశాడు! నూనె రాసుకోకుండా! గట్టిపడే ప్లాస్టర్ సెగలు కక్కుతుందనీ, నూనె లేని చర్మాన్ని వదలదనీ పనిలో చేరిన మొదటి రోజే నేర్చుకుంటారు ఎవరైనా. వాడికి ఆ మొదటి రోజే లేదు. అచ్చులక్క అలవాటు కొద్దీ నూనె అని అరవబోయి, నోరు మూసుకుంది.

“కాలుతోంది! తీయండి... ఎవరైనా తీయండి!”

చేతులు రాలేదు. ఆ తెల్లటి ముద్ద బుసబుసమంటూ పైకి పాకింది... భుజాలు, మెడ, అరుస్తున్న నోరు! పన్నెండో గంట మోగేసరికి అక్కడ మిగిలింది నిలువెత్తు ప్లాస్టర్ బొమ్మ. కపాలం పటేలున పగిలి పొడైపోయింది.

కుర్చీలో పిల్ల దగ్గింది. “అక్కా... ఆకలేస్తోందే,” అంది, తన గొంతుతోనే. అచ్చులక్క ఆమెను పొదువుకుని బావురుమంది.

ఆ తర్వాత... చప్పట్లు! సిగ్గులేని చప్పట్లు! గ్యాలరీ యజమానురాలు కళ్లొత్తుకుంటూ వచ్చి, బొమ్మ నుదుటన ఎర్రచుక్క అంటించింది. షావుకారు దాన్నే కొన్నాడు. బతికుండగా శిల్పి కలగన్నదానికన్నా పెద్ద పేరు ఆ అరగంటలో వచ్చేసింది. ముక్కు దగ్గర కాస్త పెచ్చు ఊడిందనీ, వెళ్లేలోపు సరిచేసి పొమ్మనీ యజమానురాలు అచ్చులక్కకు పురమాయించింది.

“ఇది నా చేతి పని కాదమ్మా,” అంది అచ్చులక్క. చెల్లెలి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

వాచ్‌మన్ కర్ర మీద ఆనుకుని, చచ్చుబడిన కాలీడ్చుకుంటూ వచ్చి తలుపు తీశాడు. అమ్ముడుపోయినవేవీ తిరిగి రాలేదు. అతని పిక్క ఎవరింట్లోనో అద్దాల బీరువాలో ఉంది, అతుకు మీద బొటనవేలి ముద్రతో.

“చెల్లికి నయమైందా తల్లీ?” అని అడిగాడు.

అచ్చులక్క తల ఎత్తలేకపోయింది. బొటనవేలిని పిడికిట్లో దాచుకుని అతన్ని దాటి వెళ్లిపోయింది.