సున్నం మీద నీళ్ళు

మాచర్ల రైల్వేస్టేషన్లో నిన్న పొద్దున దొరికిన శవం పేరు జోయెల్. పైకి దాచేపల్లి ఊపిరితిత్తుల క్లినిక్‌లో కాంపౌండరు. లోపల గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. జేబులో టికెట్ లేదు, ఫోన్ లేదు. ఓ ఖాళీ సెలైన్ సీసా మాత్రం ఉంది.

"కాంపౌండరు జేబులో అది కాక ఇంకేముంటుంది? వదిలెయ్," అన్నాడు చీఫ్ చెన్నకేశవరావు. నరసరావుపేట బస్టాండు వెనక ఆపిన జీపులో ఆయన పక్కన ఏజెంట్ ఫణి కూర్చుని ఉన్నాడు, ఖాకీ చొక్కాలో, కరెంటు మెకానిక్ వేషంలో.

"పదిన్నరకు ఆ క్లినిక్‌లో పన్నెండు మందికి కొత్త మందు ట్రయల్ డోసు. దాన్ని ఆర్కిడ్ ఎలా చెడగొట్టబోతోందో ఆలోపే తేల్చాలి."

"ఏం మందు సార్?"

"డాక్టర్ సుశీల తయారుచేసింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ప్రొటీన్లను మడతపెట్టే ఫ్యాక్టరీ ఉంటుందట. మడత కుదిరితేనే ప్రొటీన్ పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి దుమ్మూ పొగా పీలిస్తే మడతలు తప్పి చెత్త పేరుకుంటుంది. కణం ముందు ప్రొడక్షన్ తగ్గించి రిపేరు చూసుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే తనను తానే చంపుకుంటుంది. అలా పోయిన చోటల్లా ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఈ మందు మడతలకు సాయం చేస్తుంది."

"మరి ఆర్కిడ్?"

"ఆ విదేశీ ముఠా దగ్గర మడతలను పూర్తిగా చెడగొట్టే విషం ఉంది. పన్నెండు మందీ పోతే ట్రయల్ మూతపడుతుంది. రెండేళ్ళ తర్వాత ఇదే మందు వాళ్ళ పేరుతో వస్తుంది."

చీఫ్ ఒక వాచీ ఇచ్చాడు. "అద్దం కింద బతికున్న ఊపిరితిత్తుల కణాలున్నాయి. పక్కనున్న రంధ్రంలో అనుమానమున్న చుక్క వెయ్. మడతలు చెడితే నిమిషంలో ఆకుపచ్చగా వెలుగుతుంది."

"టైం చూపిస్తుందా సార్?"

"చూపించదు. లోపల మన మనిషి శ్రీవల్లి. ఆర్కిడ్‌లో చేరి మనకు కబుర్లు పంపుతోంది. ఆమెనొక్కదాన్నే నమ్ము."

ఎవరైనా 'నమ్ము' అంటే ఫణికి వెంటనే అనుమానం పుడుతుంది. చీఫ్ చేతిలోని పేషెంట్ల లిస్టు చూశాక అనుమానం పోయి భయం వేసింది. మూడో పేరు బాలకోటయ్య. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో ముప్పయ్యేళ్ళు దుమ్ము మింగి తనను పెంచిన బాబాయి.

* * *

క్లినిక్‌కు వెల్ల వేయిస్తున్నారు. వరండాలో పొడిసున్నం బస్తాలు, వాటి పక్కన బెంచీల మీద పేషెంట్లు.

"ఒరేయ్ ఫణీ!" బాలకోటయ్య దగ్గుతూనే పిలిచాడు. "ఈ ఖాకీ చొక్కా ఏందిరా? గవర్నమెంటు ఉద్యోగం ఊడిందా?"

"డెప్యుటేషన్ బాబాయ్."

మందులగదిలో శ్రీవల్లి ఎదురైంది. నర్సుకు అక్కర్లేనంత అందం, పట్టుచీర, నల్లకళ్ళద్దాలు.

"మాచర్ల ప్యాసింజర్ లేటా?" అన్నాడు ఫణి.

"రాదన్నారు, వచ్చింది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "డాక్టర్ మీద కన్నేయండి. నిన్న ఎవరితోనో ఇంగ్లీషులో అరగంట మాట్లాడింది. ఇక్కడి సంగతులన్నీ నాకు చానా కాలంగా తెలుసు. మా అమ్మ రూతమ్మ ఇక్కడి సున్నపు బట్టీలోనే రాళ్ళు మోసేది. నేనూ ఆ బట్టీల మధ్యే పెరిగాను."

ఆమే ఫ్రిజ్ తెరిచి మందు సీసా అందించింది. ఫణి చుక్క వేశాడు. నిమిషమైనా వాచీ వెలగలేదు. మందు మంచిదే. అయితే డాక్టరే ఏదో చేస్తుందని ఆమె వెనకే తిరిగాడు. డాక్టర్ సుశీల చేసిందల్లా రెండుసార్లు చేతులు కడుక్కోవడం, ఒకసారి అతణ్ణి 'ఫ్యాన్ బాగు చెయ్యవయ్యా' అని కసరడం.

పదీ ఇరవైకి శ్రీవల్లి వరండాలోకొచ్చింది. పట్టుచీర కొంగు తగిలి ఓ బస్తా ఒరిగి, చెమట పట్టిన ఆమె కుడి అరచేతి నిండా సున్నం పడింది.

"నీళ్ళు! తొందరగా నీళ్ళు!" అంటూ కుళాయి దగ్గరకు పరిగెత్తింది.

"నీళ్ళు కాదమ్మా, దులుపు! నూనె రాయి!" బాలకోటయ్య అరిచేలోపే ఆ అరచేతిలో సున్నం సలసలా కాగింది. ఆమె కెవ్వుమంది.

ఇంతలో డాక్టర్ పేషెంట్లను లోపలికి పిలిచింది. బాలకోటయ్య లేస్తూ ఫణి చెవిలో గొణిగాడు. "బట్టీకాడ పెరిగిన పిల్ల నీళ్ళడుగుద్దంట్రా? మన పసిపిల్లోళ్ళు గూడా నూనెబుడ్డి కోసమే ఉరుకుతారు."

ఫణి చప్పున కుళాయి వైపు చూశాడు. తనూ బట్టీ పిల్లాడే. పట్టుచీర చూసి ఆ సంగతే మరిచిపోయాడు. ఆమె చెప్పింది అబద్ధమైతే, ఆమె చూపించిన సీసా కావాలనే చూపించింది. మరి చూపించనిదేమిటి? మందును దేంట్లో కలుపుతారు?

జోయెల్ జేబులో సెలైన్ సీసా!

మందులగదిలోకి దూకాడు. బల్ల మీద సగం ఖాళీ అయిన సెలైన్ సీసా. చుక్క వేశాడు. హాల్లో డాక్టర్ పన్నెండు మందికీ మందును ఆవిరి చేసి పీల్పించే మెషీన్ల మాస్కులు తగిలిస్తోంది. మెషీన్లన్నిటికీ ఒకే బోర్డు, ఒకే స్విచ్. వాచీ అద్దం అంచున పచ్చటి చుక్క మెరిసింది. చుక్క పెరిగి అద్దమంతా వెలిగింది.

"కదలకు," అంది శ్రీవల్లి గుమ్మంలోంచి. చేతిలో బుల్లి పిస్తోలు. "పేరు తప్ప అన్నీ అబద్ధాలే చెప్పాను. బాగా నమ్మావు."

"పేరు కూడా నమ్మలేదులే."

కాలిన వేలు ట్రిగ్గర్ మీద వంగనంది. ఆమె ఎడమచేతికి మార్చుకునేలోపు ఫణి గోడ మీది మెయిన్ ఫ్యూజు పీకేశాడు. హాల్లో డాక్టర్ స్విచ్ నొక్కింది. ఒక్క మెషీన్ కూడా పలకలేదు. పిస్తోలు నేలమీద, శ్రీవల్లి గోడ పక్కన, ఆమె చేతులకు కరెంటు వైరు. అంతా పది క్షణాల పని.

డిపార్ట్‌మెంట్ జీపు ఆమెను తీసుకుపోయింది. డాక్టర్ మెషీన్లలో పోసిందంతా పారబోసి, సీలున్న కొత్త సెలైన్ తెప్పించి తనే తెరిచి, ఆ తర్వాతే మందు కలిపింది.

డోసు అయ్యాక బాలకోటయ్య మాస్కు తీసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ చప్పుడు విని ఫణికి కళ్ళు చెమర్చాయి. చేసింది చెప్పుకునే ఉద్యోగమా, చెప్పుకోలేకపోయాడు.

"ఇందాక ఫ్యూజు పీకింది నువ్వేనంటగా? ఈ పని గూడా చేతకాదేందిరా నీకు? సరే, టైమెంతయింది?"

ఫణి వాచీ చూసుకున్నాడు. అది ఇంకా పచ్చగా వెలుగుతోంది.

"ఇది టైం చూపించదు బాబాయ్."

"నీకు తగ్గ వాచీయే దొరికింది."