కాన్పు గదిలో చల్లని చెయ్యి

ఆ ఆసుపత్రి వరండా చివర ఉన్న కాన్పు గదికి చెడ్డపేరు ఎప్పుడు వచ్చిందో కచ్చితంగా చెప్పగలిగినవారు లేరు. ప్రసవంలో ప్రాణం పోయిన ఒక తల్లి అక్కడ తిరుగుతోందని మాత్రం అందరూ అంటారు. ఏ సంవత్సరంలో పోయిందని అడిగితే తలా ఒకటి చెబుతారు. చెప్పే నోరు మారినకొద్దీ ఆమె వయసు తగ్గుతూ, జుట్టు పెరుగుతూ వచ్చింది.

"చెయ్యి మంచుగడ్డలా ఉంటుందట, సిస్టరమ్మా," అంది ఆయా గుడ్డలు మడతపెడుతూ. "పుట్టిన బిడ్డల కోసం చాస్తుందట."

"చాస్తే చాచనీ. ముందు గ్లౌజులు వేసుకోమను," అంది కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు.

ఆ రాత్రి మిగతా గదులు నిండిపోవడంతో, తొలికాన్పుకు వచ్చిన ఒకామెను అక్కడికే తీసుకువచ్చారు. బిడ్డ పుట్టింది... ఏడవలేదు. నర్సు బిడ్డ ఒళ్లు తుడిచింది, వీపు రుద్దింది. ఊపిరి లేదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"డాక్టరుగారిని పిలుచుకురా," అంది. ఆయా చీకట్లో పడుతూ లేస్తూ పరుగెత్తింది. తల్లి కళ్లు మూసుకుని సొమ్మసిల్లినట్టు పడి ఉంది.

మంచానికి ఆనించిన బల్ల మీద నర్సు బిడ్డను పడుకోబెట్టి, ఫోను టార్చి వెలుగు ఆ చిన్న ఛాతీ మీద పడేలా నిలబెట్టింది. వెలుగు దాటితే అంతా చీకటే. ముక్కునూ నోటినీ కప్పుతూ మాస్కు పెట్టి, దానికి తగిలించిన రబ్బరు బ్యాగును నొక్కింది.

ఉస్స్...

గాలి మాస్కు అంచు నుంచి జారిపోయింది. ఛాతీ లేవలేదు.

కంగారులో ఎవరైనా చేసే తప్పే ఆమె కూడా చేసింది — మాస్కును ముఖం మీద అదిమింది. అలా అదిమేకొద్దీ గడ్డం దిగిపోయి గొంతులో దారి మూసుకుపోతుంది. చేయవలసింది దానికి తలకిందులు: దవడనే మాస్కులోకి పైకెత్తాలి. గాలి జారకుండా అలా పట్టుకోవాలంటే ఆమెకు రెండు చేతులూ కావాలి. మరి బ్యాగు నొక్కేదెవరు?

వరండాలో అడుగుల చప్పుడు లేదు. బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి...

రెండు చేతులతోనూ దవడ పట్టుకుంది. బ్యాగు చీకట్లోకి ఒరిగింది.

అప్పుడు — ఆ చీకట్లోంచి ఒక చెయ్యి, ఆమె మణికట్టును రాసుకుంటూ వచ్చి, బ్యాగును పట్టుకుంది.

మంచులా ఉంది.

పారిపోవచ్చు... పారిపోతే బిడ్డ దక్కదు. తలెత్తి చూస్తే దవడ మీద పట్టు జారుతుందని, చూడలేదు.

"ఎవరివో నాకనవసరం," అంది గుసగుసగా. "నేను చెప్పినప్పుడే నొక్కు. మెత్తగా. నొక్కు... వదులు, వదులు. నొక్కు... వదులు, వదులు."

ఆ చెయ్యి విన్నది. ఒక్కసారి కూడా లయ తప్పలేదు.

ఛాతీ లేచింది... దిగింది... మళ్లీ లేచింది. పెదవుల నలుపు మెల్లగా తగ్గింది. తుమ్ములాంటి ఒక చిన్న మూలుగు, ఆ వెంటనే — ఏడుపు.

కరెంటు వచ్చింది. గుమ్మంలో డాక్టరు, ఆయన వెనక ఆయా.

నర్సు ఆ వేళ్ల నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి భుజం దాకా నెమ్మదిగా చూపు నడిపించింది.

మంచం అంచు మీదికి ఒరిగి, కాన్పయ్యాక పట్టే చలితో పళ్లు టకటక కొట్టుకుంటూ, తల్లి. కళ్లు బిడ్డ మీద, వేళ్లు ఇంకా బ్యాగు మీద.

"ఇంకా నొక్కమంటారా, సిస్టర్?"