వాడామల్లి రంగు కేకులు

"ఎనబై ఏండ్ల అవ్వకు కప్పుకేకులా?" అని నవ్వేసింది కృత్తిక.

గుమ్మంలో నిలబడ్డ యువకుడి ముఖం చిన్నబోయింది. "ఏమంగ, ఎనబై వస్తే నోరు ఉండదా?"

"అట్ల చెప్పలేదంగ. లడ్డూ, మైసూర్‌పాకు అడుగుతారు గదా..."

"అవి మా వీధిలో అందరూ చేస్తారు. అవ్వకు ఇదే కావాలంట. గుడ్డు వేయొద్దంట. పైన క్రీము పువ్వు వాడామల్లి రంగులో, మంచి ఊదాగా ఉండాలంట. మున్నూరు కేకులు కావాల."

కృత్తిక నవ్వు ఆగిపోయింది. అన్నూరులోని ఆ చిన్న ఇంటి వంటగదే ఆమె బేకరీ. ఓవెన్‌లో ఒకసారికి రెండు ట్రేలే పడతాయి. ఇన్ని కేకులు ఎప్పుడూ చేయలేదు. అయినా అతని ముందు తగ్గడం ఇష్టంలేక, "చేస్తానని చెప్పండి అవ్వకు" అంది.

అతని పేరు గోకులకృష్ణన్. కోయంబత్తూరులో మోటారు పంపుల కంపెనీలో ఇంజనీరు. రెండు వీధుల అవతల ఉన్న పంకజవల్లి అవ్వకు మనుమడు. మరునాడు కృత్తిక అవ్వ దగ్గరికే వెళ్ళి, ఈ కేకులే ఎందుకని అడిగింది.

అవ్వ బోసినోటితో నవ్వింది. "పెద్ద కుటుంబంలో పుట్టినాను కన్నూ. ఏది వచ్చినా కోసి పంచేదే. నా పాలికి వచ్చేది ఎప్పుడూ ఓరముక్కే. నా ఎనబై ఏండ్ల పుట్టినరోజు పండగకు వచ్చినోళ్ళకు తలా ఒక ముళు కేకు, కొయ్యకుండా, చేతిలో పెట్టాల."

ఆ వారమంతా గోకుల్ ఏదో ఒక నెపంతో వస్తూనే ఉన్నాడు. అవ్వ రంగు చూసి రమ్మంది అని ఒకసారి, తీపి చూసి రమ్మంది అని ఇంకోసారి. ఒకరోజు సాయంత్రం వాన పట్టుకుని వెళ్ళలేకపోతే, కృత్తిక అతని చేతికి గరిట ఇచ్చింది. అతను కాగితం కప్పులన్నీ అంచుదాకా పిండితో నింపేశాడు. ఓవెన్‌లో అవి పొంగి, పొర్లి, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"ఇంజనీరంట!" అంది కృత్తిక.

"పంపుకు నీళ్ళు నిండా ఉండాలంగ. అదే అలవాటు."

"సగమే పొయ్యాలి. పొంగేదానికి చోటు వదలద్దా?"

"వదుల్తా ఉండానే, మీకు," అన్నాడతను గోడకు ఒదిగి నిలబడి. ఆ వంటగదిలో ఇద్దరు పట్టరు. కృత్తిక ఓవెన్ వైపు తిరిగింది. ముఖం ఎర్రబడింది వేడికేనని అనుకున్నాడేమో, అతను కిటికీ తెరిచాడు.

పండుగనాటి ఉదయానికి కేకులన్నీ సిద్ధమయ్యాయి. ముందుగదిలో బల్ల మీద, మంచం మీద, టీవీ ముందు, ఎక్కడ చూసినా ట్రేలే. చివరి కేకు మీద పువ్వు వేస్తుండగా గోకుల్ ఫోను చేశాడు.

"ఒక్క నిమిషంలో ఆటో పిలుస్తానంగ, అవ్వను తొందరపడొద్దని..."

"కృత్తికా." అతను ఆమెను ఎన్నడూ పేరుతో పిలవలేదు. "అవ్వ లేవలేదు. కాఫీ తీసకపోయి లేపినాను. లేవలేదు."

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. తల్లి వల్లియమ్మాళ్ వచ్చి, విషయం విని, ట్రేల వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో పావం. ఇవన్నీ ఏమి చేస్తావే?"

"రంగు పువ్వులు తీసేసి వాళ్ళింటికే తీసకపోతాను," అంది కృత్తిక. లేచి, చెంచా తీసుకుని, ఒక కేకు మీది పువ్వును గీకి గిన్నెలో వేసింది. ఆ తర్వాత ఇంకొకటి. తల్లి కూడా పక్కన కూర్చుని చెంచా తీసుకుంది. మధ్యాహ్నానికి గిన్నెలన్నీ వాడామల్లి రంగుతో నిండాయి. కేకులు బోడిగా మిగిలాయి.

పుట్టినరోజుకని పట్టుచీరలతో బయలుదేరిన చుట్టాలు దారిలోనే కబురు విని, అవే చీరలతో వచ్చారు. శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగివచ్చి స్నానాలు చేసేసరికి పొద్దు వాలింది. అవ్వ ఇంట పొయ్యి వెలగలేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కృత్తిక ఆటోలోంచి ట్రేలు దింపింది.

"సావు ఇంట్లో కేకా?" తిరుప్పూరు నుంచి వచ్చిన గోకుల్ మేనత్త గట్టిగా అంది. "ఎవురు తెమ్మన్నారు నిన్ను?"

కృత్తిక ట్రే ఎత్తుకుని వెనక్కి తిరగబోయింది.

"ఉండమ్మా." అవ్వ కొడుకు, గోకుల్ నాన్న పెరుమాళ్సామి గుండు మీద తడి తువ్వాలు వేసుకుని ముందుకు వచ్చాడు. "మా అమ్మ చెప్పి చేపిచ్చినది. ఆమే పెట్తా ఉండాది అనుకోండి. అందరూ తినండి." తానే ఒకటి తీసుకుని కాగితం ఒలిచాడు. నమలలేక చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. మేనత్త గోడకు ఆనుకుని చెయ్యి చాచింది.

గోకుల్ పెరట్లో నీళ్ళతొట్టి పక్కన ఒంటరిగా ఉన్నాడు. కృత్తిక అతనికొకటి ఇచ్చింది.

"నిన్న నాతో చెప్పింది," అన్నాడు దాన్ని చేతిలోనే పెట్టుకుని. "ఈ రోజు అందరి ముందర మీ అమ్మను అడుగుతానని. నిన్ను నాకు ఇమ్మని. నేనే అడుగుతాను అవ్వా అంటే, నీకు వాయి రాదురా, నోరు తెరవలేవు అనింది. ఇప్పుడు నేను ఎట్ల..."

"ఇప్పుడు అడగొద్దండి," అంది కృత్తిక మెల్లగా. "ముందు ఏడవండి."

పొద్దుటి నుంచి అన్ని పనులూ చూసినవాడు, అప్పుడు ఏడ్చాడు. ఆమె కదలకుండా పక్కనే నిలబడింది.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం పెరుమాళ్సామి కొడుకును వెంటబెట్టుకుని వల్లియమ్మాళ్ ఇంటికి వచ్చాడు. నీళ్ళు తాగాడు. గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ ఉండుంటే ఈ మాట నవ్వుతా అడిగుండును. నాకు ఆమె మాదిరి రాదు. ఏడాది పోవాల, అప్పుడే పెండ్లి. కానీ మాట ఇప్పుడే ఇస్తే... ఇంట్లో మాకు కొంచం తెంబుగా, ధైర్యంగా ఉంటాది."

వల్లియమ్మాళ్ కూతురి వైపు చూసింది. గోకుల్ తలెత్తలేదు. ఏ నెపమూ చెప్పలేదు, ఏ హాస్యమూ ఆడలేదు.

"శరింగ," అని ఒప్పుకుంది కృత్తిక.

అంతవరకు ఒక్క చుక్క కన్నీరు రాల్చని పిల్ల, ఆ మాట అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది. పెరుమాళ్సామి ఓదార్చబోయి తానే తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. అందరికంటే ఎక్కువ సంబరపడవలసిన అవ్వ అక్కడ లేదు.