బెత్తెడు కిందికి, జానెడు కుడికి

"నాలుగు గంటలకి లిస్టు వెళ్లిపోతుంది," అన్నాడు చీఫ్. "అందులో మనవాళ్ల పేర్లు పదకొండు. వెళ్లిందా, పదకొండు ప్రాణాలూ పోయినట్టే."

ఏజెంట్ డేగ తల ఊపాడు.

"శత్రువుల కంట్రోల్ రూమ్‌లో గోడకి టచ్ ప్యానెల్ ఉంది. నాలుగో స్క్రీన్‌లో క్యాన్సిల్ బటన్. ఆ లిపి మనకి రాదు. గేటు దగ్గర ఒళ్లంతా తడుముతారు, కాగితం కుదరదు. దారి నీలోనే ఉండాలి. నకలు ప్యానెల్ మీద వేలితో నలభై సార్లు ప్రాక్టీసు చేశావా?"

"చేశాను సార్."

అబద్ధం. రిజిస్టర్లో సంతకం పెట్టిన మాట నిజమే. చేసింది మాత్రం కంప్యూటర్ ముందు కుర్చీలో వెనక్కి వాలి, మౌస్‌తో. "మౌస్ పట్టుకుంటే కన్ను బాణం వెంట పరిగెడుతుంది బాబూ. తాకితే దారి చేతికి గుర్తుంటుంది," అని ట్రైనింగ్ టీచరమ్మ మొత్తుకుంది. డేగ నవ్వేశాడు. టచ్‌కి అడ్డమని పొడవాటి గోళ్లు కత్తిరించుకుని, నలభై సార్లూ నిలబడి పూర్తిచేసిన డబుల్ ఏజెంట్ అత్తరుని "గోళ్లతోపాటు గ్లామరూ పోయింది" అని ఏడిపించాడు కూడా.

మూడూ యాభై ఎనిమిది. ఏసీ మెకానిక్ వేషంలో డేగ ప్యానెల్ ముందున్నాడు. కింది అంతస్తులో అత్తరు, తనని సొంత మనిషనుకుంటున్న శత్రు డైరెక్టర్‌ని కబుర్లలో పెట్టింది.

మొదటి స్క్రీన్ దాటాడు. రెండోది రాగానే చెయ్యి గాల్లో ఆగిపోయింది. ముప్పై గళ్లు, అన్నీ ఒకేలా. కళ్లు మూసుకుంటే తెల్లబాణం కనిపిస్తోంది గానీ, అది ఎక్కడ ఆగేదో గుర్తురావడం లేదు. ఒకటి నొక్కాడు. ఎర్రలైటు! ఇంకొక్క తప్పు చేస్తే ప్యానెల్ లాక్.

చెవులు వేడెక్కాయి. చొక్కా గుండీలోని మైకులోకి గొణిగాడు.

"అత్తరూ... నాకు రావట్లేదు. రెండోదాంట్లో ఉన్నాను. నేను వేలితో చెయ్యలేదు."

అతని పన్నులో దాచిన స్పీకర్ గరగరలాడింది. తర్వాత ఆమె గొంతు, డైరెక్టర్‌తో.

"ఈ పటాలు ఇలా పెట్టారేంటండీ? పెద్దది ఎడమ మూల నుంచి బెత్తెడు కిందికి ఉండాలి."

డేగ మూలన నాలుగు వేళ్లు ఆనించి, కొలిచి, నొక్కాడు. స్క్రీన్ మారింది.

"చిన్నది, దానికి జానెడు కుడికి."

ఇంకో స్క్రీన్.

"పటాలంటే ఇంత పిచ్చా నీకు?" డైరెక్టర్ నవ్వాడు.

"పిచ్చేనండీ. ఇక చివరిది అడుగున, కుడి మూల. చేతకాని దద్దమ్మ కూడా పెట్టగలడు."

డేగ నొక్కాడు. ఒక్క సెకను మిగిలుండగా లిస్టు చెరిగిపోయింది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్ ఎక్కుతూ అత్తరు అడిగింది. "ఏం డేగగారూ, గోళ్లు మళ్లీ పెంచుకోమంటారా?"

అతను దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

మర్నాడు చీఫ్ మెడల్ పెట్టె ముందుకి జరిపాడు. డేగ ముట్టుకోలేదు.

"అది అత్తరుకివ్వండి సార్. నలభై సార్లన్నది అబద్ధం."

"తెలుసు. పొద్దున్నే టీచరమ్మ నకలు ప్యానెల్ మీద వేలిముద్రలు తీయించింది. అన్నీ అత్తరువే. నీది ఒక్కటీ లేదు."

డేగ తల వంచుకున్నాడు. పదిహేనేళ్ల సర్వీసులో అతను ఏ ఆనవాలూ వదలని పని అదొక్కటే. చెయ్యని పని.