ఒకటిన్నర మిల్లీమీటర్లు

స్కాన్ గదికి మిట్టమధ్యాహ్నమంటూ ఉండదు. తెరమీద బొమ్మ కనబడాలంటే దీపం ఆర్పాల్సిందే. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చీకటి, ఏసీ చలి, జెల్లు వాసన. ఆ చీకట్లో పద్దెనిమిదేళ్లుగా ఆడవాళ్ల కడుపులు చూస్తున్న మనిషిని అందరూ స్కానక్క అంటారు.

పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన పెట్టుకున్నారు. సిజేరియన్ అయినవాళ్లకి పాత కుట్టు దగ్గర గర్భసంచి గోడ ఎంత మందం మిగిలిందో ముందు ఎం.ఆర్.ఐ.లో కొలవాలి, తర్వాత స్కాన్‌లో. దేన్ని నమ్మాలో తేల్చాలి. ఒకరికొచ్చిన అంకె ఇంకొకరికి తెలియకూడదు. అదంతా కాగితం మీది మాటే. స్కానక్క పెన్ను తీసేలోపే ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చేది.

"అక్కడ ఎం.ఆర్.ఐ.లో నాలుగొచ్చిందమ్మా. నువ్వింకోసారి సరిగ్గా చూడు."

ఇరవయ్యేడో నంబరు మనిషికి స్కానక్క చూసింది ఒకటిన్నర మిల్లీమీటర్లు. రాసింది నాలుగు. గోడ గట్టిగా ఉందన్నారు కదా అని ఆమె మళ్లీ నెల తప్పింది. ఎనిమిదో నెలలో కుట్టు విచ్చుకుంది. తల్లీబిడ్డా ఒకే గంటలో పోయారు. డాక్టరుగారి పట్టికలో మాత్రం రెండు అంకెలూ ముచ్చటగా కలిసే ఉన్నాయి.

ఇవాళ నలభయ్యో నంబరు. తలుపు కిర్రుమంది. ఒకామె వచ్చి, పలకరింపు లేకుండా బల్లమీద పడుకుని గోడవైపు మొహం తిప్పుకుంది. స్కానక్క జెల్లు పూసి, మిషను ప్రోబు కడుపుకి ఆనించింది. ఒంటి వేడికి కాసేపట్లో జెల్లు వెచ్చబడాలి. వెచ్చబడలేదు.

తెరమీద కుట్టు. ఒకటిన్నర.

"ఎంతక్కా?" గుసగుసగా అడిగింది ఆమె.

"నేను చెప్పకూడదమ్మా."

"అప్పుడూ ఇదే అన్నావు."

ఫోను మోగింది. ఎం.ఆర్.ఐ. మిషను నడిపే ఆయన. "నలభైని ఇప్పుడే నా సొరంగంలోంచి లాగానక్కా. చీర కట్టుకుంటోంది. నీ చీకటి కొట్టుకి పంపిస్తున్నా."

"మరి... నా బల్లమీద..."

చేతికింద కడుపు ఇంకా ఉంది. చల్లగా... స్పీకర్లోంచి చప్పుడు. చిన్నది. వడివడిగా. బిడ్డ గుండె...

ఆగిపోయింది.

దీపం వేసింది. బల్ల ఖాళీ. పరిచిన కాగితం మీద ముడత కూడా లేదు.

కాసేపటికే అసలు నలభై వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మాటల పుట్ట. "మా పెద్దదానికి తమ్ముడు కావాలటక్కా. మీరు సరేనంటే ఈ నెలలోనే."

దీపం ఆర్పక తప్పలేదు. ఈ కడుపు వెచ్చగా ఉంది. కానీ కుట్టు... ఒకటిన్నర.

డాక్టరుగారి ఫోను రానే వచ్చింది. "అక్కడ నాలుగమ్మా."

"ఇక్కడ ఒకటిన్నర సార్. అదే రాశాను."

"నా పరిశోధన పాడైపోతుంది."

"పోనివ్వండి. రెండు ప్రాణాలు పోయినప్పుడు పాడవని పరిశోధన, ఒక అంకెకి పాడవుతుందా?"

ఫోను పెట్టేసి, ప్రోబు కదల్చకుండానే ఆ పిల్లతో చెప్పింది. "గోడ పల్చగా ఉందమ్మా. ఇప్పుడు కడుపు వద్దు. ఇంకో డాక్టరుకి చూపించుకో. నేనే చెప్పానని చెప్పు, నా ఉద్యోగం పోతే పోయింది."

ఆ పిల్ల తెరవైపు తల తిప్పి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"సరేనక్కా... ఇక నా చెయ్యి వదలండి. నొప్పెడుతోంది."

స్కానక్క ఒక చెయ్యి ప్రోబు మీద ఉంది. రెండోది మిషను మీటల మీద ఉంది.