కాపలా మామ బండి

కంకర యార్డు వెనకవైపు షెడ్డుకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. పగలు వెళ్ళేవాళ్ళు కూడా నీళ్ళ పంపు దగ్గరే ఆగి, పని చూసుకుని, అటు తిరక్కుండా వచ్చేస్తారు. అక్కడి దెయ్యం చెట్టు మీద లేదు, బావిలో లేదు. తవ్వే బండిలో ఉంది.

పాత బండి. ముందు మట్టి ఎత్తే తొట్టి, వెనక పొడుగాటి ఇనప చెయ్యి, ఆ చేతి చివర పళ్ళున్న బకెట్టు. దాన్ని నడిపిన ఆపరేటర్‌ని అందరూ కాపలా మామ అనేవాళ్ళు. బకెట్టు పళ్ళు దొంగలు విప్పుకుపోతారని ఆయనకి ఒకటే బెంగ. పని అయ్యాక బండి చెయ్యి నేలకి ఆనించాలి కదా, ఆయన ఆనించేవాడు కాదు. ఎవరికీ అందనంత ఎత్తుకి లేపి, అలాగే వదిలేసి ఇంటికెళ్ళేవాడు.

ఒకనాడు ఎత్తి ఉన్న చేతి కింద ఆయిల్ కారుతుంటే చూద్దామని దూరాడు. పైపు పగిలింది. చెయ్యి ఒక్కసారిగా దిగిపోయింది... ఆయన మీద.

అప్పట్నుంచీ సాయంత్రం దించిపెట్టిన చెయ్యి తెల్లారేసరికి లేచి ఉంటోందని చెప్పుకోవడం మొదలైంది. చెప్పుకునేవాళ్ళు నాకు తెలుసు. నిన్న ఏం తిన్నారని అడిగితే పూటకో మాట చెప్పే రకం. అందుకే నేను చెవిన పెట్టలేదు. కానీ ఇప్పుడు రాస్తున్నది మా అక్క చెప్పింది. కల్పించి చెప్పేంత ఓపిక దానికి ఎప్పుడూ లేదు.

మా బావ ఇలాంటి బళ్ళకి హైడ్రాలిక్ పని చేస్తాడు. అంటే, ఆయిల్ ఒత్తిడితో కదిలే భాగాలన్నీ ఆయన చేతి కిందకే వస్తాయి. పని బాగా వచ్చు, నోరు మూసుకోవడమే రాదు. యార్డు ఓనరు ముందు, టీ కొట్టు దగ్గర, నలుగురూ వింటుండగా అనేశాడు: "ఆయిల్ కారితే చెయ్యి కిందకి జారుతుంది. పైకి ఎలా లేస్తుందయ్యా? మీరు తలకిందులుగా పడుకుని చూసుంటారు."

"అయితే నువ్వే బాగుచెయ్యి," అన్నాడు ఓనరు.

బావ వేరే పని ముగించుకుని బయల్దేరేసరికి చీకటి పడింది. అక్క కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకే?"

"నువ్వు దాని కిందకి దూరకుండా చూడ్డానికి."

"దెయ్యం పట్టుకుంటుందని భయమా?"

"దెయ్యం సంగతి నాకు తెలీదు. ఏదైనా అర్థం కాకపోతే తల దూర్చి చూసే రోగం నీకుంది. అది నాకు తెలుసు. నా పిల్లలకి నాన్న ఒక్కడే."

షెడ్డులో దీపం లేదు. టార్చి అక్క పట్టుకుంది. బావ ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. వెంటనే దాని లోపల్నుంచి సన్నగా ఒక ఏడుపు... నోరు నొక్కేస్తే ముక్కులోంచి వచ్చే ఏడుపు లాంటిది.

అక్క టార్చి ఇంజను వైపు తిప్పింది.

"ఆయిల్ పంపు గాలి పీలుస్తోంది," అన్నాడు బావ. "ట్యాంకులో ఆయిల్ తగ్గింది, అంతే."

ఆయిల్ పోశాడు. ఏడుపు ఆగింది.

చెయ్యి పైకెత్తి, ఇంజను ఆపాడు. నిశ్శబ్దం. గోడ మీద బకెట్టు నీడ... దాని పళ్ళు మెల్లగా, చాలా మెల్లగా కిందకి వస్తున్నాయి.

"కదులుతోంది," అంది అక్క.

"కదలనీ. సిలిండర్‌లో సీలు అరిగింది. లోపల్లోపలే ఆయిల్ జారిపోతోంది." నవ్వాడు. "చూశావా? కిందకే. పైకి కాదు."

దూరం నుంచే పైపుల మీద టార్చి వేయించి చూశాడు. చెయ్యి ఎత్తే హోస్ పైపు ఒకచోట ఉబ్బి, బుడగలా ఉంది. నేడో రేపో పగిలేదే. మళ్ళీ ఇంజను వేసి చెయ్యి పూర్తిగా దించాడు. బకెట్టు పళ్ళు తడిమట్టిలో దిగబడ్డాయి. ఇంజను ఆపాడు, తాళం జేబులో వేసుకున్నాడు. లివర్లు అటూ ఇటూ ఆడించి మిగిలిన ఒత్తిడి కూడా వదిలేశాడు. ఈ వరస ఆయన ఎప్పుడూ తప్పడు. ఆ ఒక్క విషయంలో నేను కూడా ఆయన్ని ఏమీ అనలేను.

పానాల పెట్టె తెరిచి హోస్ విప్పేశాడు. మిగిలిన ఆయిల్ డబ్బాలోకి కారింది.

"ఇక దీన్ని ఎవడూ లేపలేడు," అన్నాడు. "నరం తీసేశాక చెయ్యి ఎక్కడ లేస్తుంది?"

పానాల పెట్టె అక్కడే చేతి పక్కన వదిలేసి, హోస్ పట్టుకుని ఇద్దరూ నీళ్ళ పంపు దగ్గర దీపం కిందకి వచ్చారు. ఉబ్బిన చోట ఎంత పాడైందో చూసుకున్నారు. చేతులు కడుక్కున్నారు. తెల్లారాక కొత్త హోస్ తెచ్చి బిగిస్తే సరి. పెట్టె తీసుకుని ఇంటికి పోదామని వెనక్కి తిరిగారు.

షెడ్డు గుమ్మంలో అక్క టార్చి వేసింది.

ముందు మట్టి కనిపించింది. బకెట్టు పళ్ళు దిగబడ్డ గుంటలు... వరసగా, లోతుగా, అలాగే ఉన్నాయి.

గుంటల్లో పళ్ళు లేవు.

అక్క టార్చి నెమ్మదిగా పైకెత్తింది. ఇంకా పైకి... ఇంకా. బకెట్టు షెడ్డు కప్పుకి ఆనుకునేంత ఎత్తులో ఉంది. ఎవరికీ అందనంత ఎత్తులో. హోస్ బావ చేతిలోనే ఉంది. తాళం జేబులోనే ఉంది. పైపు విప్పిన చోట రంధ్రం నోరు తెరుచుకునే ఉంది — చుక్క కూడా కారడం లేదు.

సరిగ్గా ఆ చేతి కింద, పానాల పెట్టె.

చెయ్యి కదల్లేదు. ఇందాక సీలు అరిగి జారిపోయిన చెయ్యి, ఇప్పుడు వెంట్రుకవాసి కూడా జారడం లేదు. ఎవరో పట్టుకుని నిలబెట్టినట్టు...

"ఏదో ఉంటుంది," అన్నాడు బావ. "సిలిండర్‌లో గాలి చేరిందేమో. కింద నుంచి చూస్తే తెలిసిపోతుంది." ఒక అడుగు వేశాడు.

అక్క ఆయన చొక్కా పట్టుకుంది.

"ఒక్క నిమిషమే. చూసి వచ్చేస్తా."

"కాపలా మామ కూడా చూద్దామనే దూరాడు," అంది అక్క.

బావ ఆగాడు. ఆ చొక్కా వీపు మీద చిరిగింది, అంత గట్టిగా పట్టుకుంది మా అక్క. అలాగే ఇద్దరూ వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం దాటారు. పంపు దగ్గరికి వచ్చాక షెడ్డులో దబ్బుమని చప్పుడైంది. నేల అదిరింది. తరవాత ఇనప చెయ్యి మళ్ళీ లేస్తున్నట్టు, నెమ్మదిగా, ఓ మూలుగు. ఇంజను చప్పుడు లేదు.

దీనికి మా బావ ఇప్పటిదాకా చాలా కారణాలు చెప్పాడు. ఎవరో చాటుగా వచ్చి చైనుతో ఎత్తారన్నాడు. ఏ చైను, దేనికి తగిలించారని అడిగితే అన్నం కలుపుకుంటూ కూర్చుంటాడు. ఓనరు ఆ షెడ్డుకి తాళం వేసేశాడు. బావ కొత్త పానాలు కొనుక్కున్నాడు.

పాత పెట్టె ఆ చేతి కిందే ఉంది. మంచి పానాలు, పెళ్ళాం కంటే ప్రేమగా చూసుకున్నవి. దెయ్యాలు లేవని నాతో వాదించేవాళ్ళు నిక్షేపంగా వెళ్ళి తెచ్చుకోవచ్చు. తాళంచెవి ఎక్కడుందో చెబుతాను. దెయ్యాలు లేవని నేను కూడా చదివాను.

తోడు మాత్రం రాను.