శేయీరు నుంచి అడిగిందెవరు?

"జకరయ్యని చంపింది ముఠా ఒక్కటే కాదండీ. మీరు కూడా! కుర్చీలు దిగకుండా, చచ్చినవాడి మీద ద్రోహి అని ముద్ర కొట్టిన మీరందరూ!"

ఏజెంట్ కృపాకుమారి బల్ల మీద చరిచింది. ఎదురుగా కూర్చున్నది కోస్తా గూఢచారి విభాగం చీఫ్ బసవపున్నయ్య. చిలకలపూడిలో ఓ రోల్డ్‌గోల్డ్ కొట్టు పైనున్న ఈ గదే వాళ్ల సేఫ్‌హౌస్.

జకరయ్య పాలకాయతిప్ప దగ్గర రొయ్యల చెరువుల వాచ్‌మన్. విభాగానికి ఇన్‌ఫార్మర్. నిన్న పొద్దున చెరువు గట్టు మీద శవమై కనిపించాడు. చనిపోయే ముందు ఆయన పంపిన మెసేజ్ ఒక్కటే, ఓ బైబిల్ వచనం అంకె: యెషయా 21:11.

"డీకోడ్ అయిపోయిందమ్మాయ్" అన్నాడు చీఫ్. "ఇరవై ఒకటో తేదీ, పదకొండు గంటలు. అంటే ఇవాళే. ముఠా పడవ పేలుడు సామానుతో మంగినపూడిలో దిగుతుంది. టార్గెట్ పోర్టు కూలీల క్యాంపు. ఫోర్స్ అంతా అక్కడే ఉంది."

"మరి ఆయన ద్రోహి ఎలా అయ్యాడండీ?"

"ముఠాకి పంపాల్సిన టైము పొరపాటున మనకి పంపాడు."

"ఎవరన్నారు?"

"అలేఖ్య."

నగల ఎక్స్‌పోర్టర్ వేషంలో ముఠాలో చొరబడిన స్టార్ ఏజెంట్ అలేఖ్య. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, ఖరీదైన సెంటు. ఆవిడ నవ్వితే పెద్దాఫీసులో సంతకాలు వాటంతటవే పడతాయి. జకరయ్య దగ్గర కబుర్లు తీసుకునే హ్యాండ్లర్ కూడా ఆవిడే.

కృపకి ఒళ్లు మండింది. ఆమెది గుడివాడ. సండే స్కూల్లో పెరిగిన మనిషి. అక్కడ వచనం ఇస్తే ఎవరూ తేదీలు, టైములు లెక్కలేసుకోరు. బైబిల్ క్విజ్‌లో అడిగే మొదటి ప్రశ్న: ఎవరు, ఎవరితో అన్నారు? నాగాయలంకలో ఏటా ఆ క్విజ్ నడిపించింది జకరయ్యే.

ఆమె ఫోన్‌లో వచనం తీసింది. శేయీరు అనే చోటు నుంచి ఎవరో కేకేసి కావలివాణ్ణి అడుగుతున్నారు, రాత్రి ఎంతైందని. అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. తర్వాతి వచనంలో ఆ కావలివాడు సూటిగా చెప్పడు. తెల్లారుతుంది, మళ్లీ చీకటీ పడుతుంది, కావాలంటే ఇంకోసారి వచ్చి అడగండి అంటాడు. అది ఓదార్పో ఎగతాళో తేలక పండితులు తలలు పట్టుకునే వచనం.

"సార్, శేయీరు ఏశావు సంతతి వాళ్లది. ఇశ్రాయేలుకి దాయాదులు. పగవాళ్లు కూడా. అయినవాళ్లలా అడుగుతున్నారు. కావలివాడికి అనుమానం. అందుకే గుట్టు విప్పడు. ఇక చెప్పండి, ఈ కావలివాడికి రోజూ ఫోన్ చేసి, 'బాబాయ్, గట్టు మీద ఎవరైనా ఉన్నారా?' అని అడిగేదెవరు?"

చీఫ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "అలేఖ్య."

"ఆయన పంపే ప్రతి మెసేజీ ముందు ఆవిడ కంటనే పడుతుంది. పేరు రాస్తే తుడిచేసేది. అందుకే వచనం పంపాడు."

"సాక్ష్యం?"

"లేదు. అనుమానమే."

"అనుమానంతో పోర్టు కాపలా తీసెయ్యమంటావా?"

"వద్దు. ఎస్సై శ్యాంబాబునీ ఒక జీపునీ ఇవ్వండి. తేదీ, టైము అని చెప్పి అందర్నీ మంగినపూడి తోలింది ఆవిడే. కాపలా లేకుండా మిగిలింది జకరయ్య కాసిన చోటు."

ఎండ చురచురలాడుతోంది. పాలకాయతిప్ప ఇసుకలో ముతక చీర కట్టుకుని, ఉప్పునీళ్ల బేసిన్‌లో రొయ్యలతో కూర్చుంది కృప. దూరంగా ఓ మోటారు పడవ ఆగి ఉంది. తెల్లకారు వచ్చింది. అలేఖ్య దిగింది.

"రొయ్యలు తీసుకోండమ్మా, బతికున్నాయి."

"పక్కకి జరుగు."

అలేఖ్య చేతికి లావుపాటి రోల్డ్‌గోల్డ్ గాజు. దానికున్న ఆకుపచ్చ రాయి నొక్కింది. పడవ ఒడ్డుకి తిరిగింది. ఐసు పెట్టెలు దించబోతుండగా, వలల కుప్ప చాటు నుంచి శ్యాంబాబు తన మనుషులతో పడవలోకి దూకాడు.

అలేఖ్య అదిరిపడింది.

"బాబాయ్ కోసం వచ్చావా అలేఖ్యా?" కృప లేచింది. "ఇక ఫోన్ ఎత్తడులే. గొంతు నొక్కేశావుగా."

అలేఖ్య బొటనవేలు గాజు మీది ఎర్ర రాయి వైపు పాకింది. అది నొక్కితే పెట్టెలు పేలతాయి, శ్యాంబాబుతో సహా. కృప ఆ చెయ్యి ఒడిసిపట్టి, మోచేతి దాకా బేసిన్‌లో ముంచేసింది. వేలు రాయిని నొక్కనే నొక్కింది. గాజు నీళ్లలో చిటపటమని ఆరిపోయింది. పైపూత ఎంత నకిలీదో లోపల నీళ్లు చొరకుండా వేసిన సీలూ అంతే.

"వచనాలు చదివేవాళ్లు కూడా ఉన్నారా డిపార్ట్‌మెంట్‌లో?" బేడీలు పడుతుంటే పళ్లు కొరికింది అలేఖ్య.

"చదివేవాళ్లకేం, బోలెడుమంది. అడిగేదెవరో చూసేవాళ్లే తక్కువ."

చీఫ్ ఫోన్ చేశాడు. "శెభాష్ అమ్మాయ్! మెడల్‌కి రాస్తున్నాను."

"నాకు మెడలొద్దండీ. పెద్దాఫీసు వాళ్లని వెంటేసుకుని నాగాయలంక రండి. దేవమ్మగారి గుమ్మంలో నిలబడి, మీ ఆయన ద్రోహి కాదు, మేమే తప్పు చదివామని ఊరంతా వినేలా మీ నోటితో చెప్పండి. ఇవాళే."

"ముద్ర తియ్యాలంటే ఫైలు ఢిల్లీ వెళ్లి రావాలమ్మా."

"వేసేటప్పుడు ఎక్కడికెళ్లిందండీ ఫైలు? శవం చల్లబడకముందే వేశారు. బయల్దేరండి."

"కారులో ఏసీ పనిచెయ్యట్లేదు..."

"అద్దాలు దించుకుని రండి సార్. దారిపొడుగునా మీ గురించి జనం ఏమనుకుంటున్నారో కూడా వినిపిస్తుంది."